ఎడమచేతి పిడి

ఐస్ ఫ్యాక్టరీ మూతబడి పదకొండేళ్లు.
గోడలకి ఇంకా ఉప్పు చెమ్మ, చందువా చేపల వాసన.
ఆ చివర గోనెపట్టా, పట్టా మీద కాగితం, కాగితంలో నల్లచుక్క.
ఈ చివర బల్ల మీద తువ్వాలు,
తువ్వాలు మీద మూడు పిస్తోళ్లు.

"తొందరేం లేదు. పెళ్లిచూపులా ఏమన్నానా" అన్నారు
ఏసుపాదం మాష్టారు.
పటాలంలో తుపాకులు బాగుచేసిన మనిషి.
ఉల్లిపాయైనా కొలిచి గానీ తరగడని
వాళ్లావిడ ఫిర్యాదు.

నా సంచిలో చీటీ డబ్బు,
లక్షా పదివేలు, రబ్బరు బ్యాండు వేసి.
పాటలో పోయిన పద్దెనిమిది వేలు
ఇంకా పంటి కింద రాయి.

మొదటిది సరికొత్తది, నిగనిగలాడుతోంది.
ఎత్తితే ముక్కు బరువు.
పన్నెండు లెక్కపెట్టేసరికి
పాటు వేళ రేవులో పడవ దిగినట్టు
ముందు గురి మెల్లగా కిందికి జారింది.

రెండోది తేలిక.
ట్రిగ్గర్‌లో మాత్రం ఎక్కడో ఒక్క ఇసక రేణువు.
"నాకేం తగల్లేదే" అన్నారాయన.
నాకు తగిలింది.

మూడోది తణుకు కుర్రాడి పాతది.
కంటిచూపు తగ్గి మానేశాడట.
మూతి దగ్గర రంగు పోయింది.
ట్రిగ్గర్ మొదటి మెట్టు దిగి ఆగింది.
ఆ ఆగే చోటు నాకు తెలుసు.
రోజుకి నలభైమంది మోచేతి మడతల్లో
చర్మం దాటిన సూది
నరం గోడ దగ్గర ఆగే చోటు.
అక్కడ తొయ్యకూడదు. ఊపిరి సగంలో ఆపి ఊరుకోవాలి.
ఊరుకుంటే, అదే రానిస్తుంది.

ఇదేనండీ, అన్నాను.
అని, చెయ్యి చూసుకున్నాను.
కుడిచేతి బొటనవేలికి చెక్కిన మెట్టు
నా ఎడమ అరచేతిని పొడిచి ఎర్రగా చేసింది.
మూడూ కుడిచేతివే. ఎడంచేతి పిడి కావాలంటే
జర్మనీ నుంచి రావాలి, నాలుగు నెలలు, ఇరవైరెండు వేలు.

నాన్నమ్మ ఈ చేతికి గుడ్డ కట్టేది.
ల్యాబ్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు
"ఎడం చేత్తో గుచ్చుతావేంటమ్మా, అచ్చిరాదు" అంటారు.
రక్తం ఎర్రగానే వస్తుంది కదండీ, అంటాను.

మాష్టారు మాట్లాడకుండా గట్టు దిగి వెళ్లి
పేపర్లో ఒండ్రు ముద్ద తెచ్చారు.
"పట్టుకో."
ఎంత గట్టిగానండీ?
"పేషంటు చెయ్యి ఎంత గట్టిగా పడతావు? అంత."

పడవలు చేసే సోమాచారి గారు
ఆ ముద్దని కిందా మీదా తిప్పి చూశారు,
వేళ్ల సందుల్లో వేలు పెట్టి.
"ఇది తడిసే సరుకా?"
చెమటకి తడుస్తుందండీ.
షెడ్డు వెనక నుంచి తుమ్మ ముక్క లాగారు,
విరిగిన పాత నావ పక్కటెముక.
"నలభైయేళ్లు గోదారి తాగింది. ఇంక ఉబ్బదు."

మణికట్టు దాటకుండా, కొలతల పెట్టెలో ఇమిడేలా
మాష్టారు మూడుసార్లు కొలిచారు.
తణుకు కుర్రాడికి డెబ్భైరెండు వేలు,
ఆచారి గారికి రెండువేలిస్తే
అయిదొందలు వెనక్కిచ్చారు, ముక్క పాతదేనని.

మొదటి పది గుళ్లలో ఏడులు, ఎనిమిదులు,
ఒకటి గోనెపట్టాకి.
పదో గుండు మాత్రం ఎటుపోయిందో అని వెతికితే
చుక్క నడుమ, చొక్కా గుండీ పట్టే చోట,
కొంచెం ఎడంగా.
"చిటికెనవేలు నొక్కుతోంది నువ్వు" అన్నారు మాష్టారు,
కాగితం చూడకుండానే.

అందుకని సాయంత్రం సఖినేటిపల్లి పంటు మీద
మోటారు సైకిళ్ల మధ్య నిలబడి
సంచిలోంచి పిడి ఒక్కటే తీస్తాను.
ఉప్పుకాగితంతో చిటికెనవేలి కింద
నాలుగు రుద్దులు, పట్టి చూడటం,
మళ్లీ రెండు.
రేవు వచ్చేలోపు
నల్లటి పొడి కొంచెం
రెయిలింగు మీంచి నీళ్లలోకి ఊదేస్తాను.