వాటం

రెండడుగుల బేతంచెర్ల రాళ్ళు ముప్పై ఆరు
హొరమావు సందు మొదట్లో దింపేసి
టాటా ఏస్ వాడు వెనక్కి చూడకుండా పోయాడు.
లోపలికి బండి రాదు.
రాయి రావాలంటే హాలు దాటాలి, వంటిల్లు దాటాలి,
ఇడ్లీ గిన్నె పక్కనుంచి ఒద్దికగా నడవాలి.

వెనక జాగా తొమ్మిదికి పద్నాలుగు.
పదకొండేళ్ళుగా పగిలిన బకెట్లకీ
వానకి మొలిచే గడ్డికీ రాసిచ్చేసిన జాగా.
"ఇక్కడ కూచుని కాఫీ తాగాలి" అని
గృహప్రవేశం నాడు మునిలక్ష్మి అన్న మాట
ఇన్నాళ్ళకి సిమెంటు వాసన కొట్టింది.

మేస్త్రీ చెప్పిన కూలి విని
రాత్రంతా ఫోనులో వీడియోలు చూశాను.
పొద్దున్నే రసమట్టం కొన్నాను, పసుపురంగుది.
నేనూ హంసినీ మూడు వరుసలు పరిచాం.
బుడగ నడిమధ్యన, బుద్ధిగా.
గర్వంగా ఒక చెంబు నీళ్ళు పోశాను.
నీళ్ళు కాసేపు ఆలోచించి
వంటింటి గడప వైపు నడిచాయి.

ఫోను చేసింది మునిలక్ష్మి. నేను కాదు.
మదనపల్లె నుంచి తొలి బస్సుకే
రెడ్డెమ్మక్క, చెంగల్రాయుడు బావ దిగారు.
నాలుగేళ్ళ కింద చీటీ డబ్బుల దగ్గర
"నీది చేతివాటం" అని నేనన్న బావ.
లెక్క ఆ తర్వాత తేలింది, తప్పు నా కూడికలో.
చెప్పలేదు.
చెప్పడానికని ఒక పెళ్ళీ, రెండు దినాలూ
వచ్చి పోయాయి.

సంచిలోంచి తాపీ తీశాడు, దారం ఉండ తీశాడు,
చెప్పులు విడిచి రాళ్ళ మీద నడిచాడు
ఒక్కోదాన్నీ మడమతో అడుగుతూ.
"అంతా మట్టంగా ఉండాది."
మెచ్చుకున్నాడనుకున్నాను.
"మట్టంగా ఉంటే ఎట్లప్పా? నీళ్ళకి వాటం ఉండొద్దా?"

మూడు వరుసలూ పీకించాడు.
గడప దగ్గర ఎత్తు, గోడ కింది మోరీ దగ్గర పల్లం,
పద్నాలుగడుగులకి రెండంగుళాలు.
బుడగ కొంచెం పక్కకి ఒరిగితే
అదీ, అదే సరి అన్నాడు.
దారం ఒక కొస అక్క పట్టింది కుచ్చిళ్ళు దోపుకుని,
రెండో కొస హంసిని.
అది ముడేయడం చూసి "ఎడమచేతి వాటమా నీది?" అని
బావ నవ్వాడు.
నేను ఎం-శాండ్ జల్లిస్తున్నాను.
తల ఎత్తలేదు.

మునిలక్ష్మి మాలు కలిపింది
దోసెపిండిలా వేలితో పదును చూస్తూ.
పక్క మేడ మీదినుంచి గౌరమ్మగారు
"ఒందు కల్లు సొట్ట ఇదె సార్" అని తీర్పిచ్చింది.
కల్లు అనగానే అక్క ఉలిక్కిపడింది.
నిజమే, పదిహేడో రాయి వంకర. నేను పెట్టిందే.
పీకుదామంటే బావ వద్దన్నాడు.
"ఉండనీలే. కాలికి గుర్తుండాల గదా."
ఏ గుర్తో అడగలేదు.

శనివారం సాయంత్రం, కీళ్ళు ఇంకా పచ్చిగా ఉండగానే
బెంగళూరు వాన, ఎప్పట్లాగే చెప్పకుండా.
టార్పాలిన్ నాలుగు కొసలూ నలుగురం పట్టుకుని
రాళ్ళకి పందిరైపోయాం.
హంసిని గొడుగు పట్టింది, ఎవరికో దానికే తెలీదు.
పట్టా నడుమ నీళ్ళు గర్భంలా దిగబడ్డాయి.
"నీ పక్క దించు" అన్నాడు బావ.
దించాను. చల్లటి నీళ్ళు నా పాదాల మీదుగా మోరీకి.
"బావా, ఆ చీటీ లెక్క..."
"ఆఁ?"
"తప్పు నాదే."
వాన పెద్దదైంది.
"ఇంకొంచెం దించు" అన్నాడు.

ఇప్పుడు రోజూ
నీళ్ళ ఫిల్టరు వదిలేసే నీళ్ళన్నీ
బకెట్టులో పట్టి రాళ్ళ మీద చల్లుతున్నాం.
ట్యాంకర్ల కాలం, సిమెంటుకీ దాహమే.
పదిహేడో రాయి దగ్గర నా బొటనవేలు
ఇప్పటికి మూడుసార్లు తగిలింది.
కాఫీ బల్ల వేశాం.
వాటానికి ఒక కాలు ఆడుతోంది.
కిటికీలో బావ మరిచిన బస్సు టికెట్టు
ఎనిమిది మడతలు పెట్టి కాలి కింద దూర్చాను.
కొంచెం ఇంకా ఆడుతోంది.