తుమ్మచెట్టు ఎత్తు ఆకాశం

ముప్పై రెండేండ్లు నేల తప్ప ఏం జూడలే నేను.
పాదం జూసి మనిషిని జెప్త:
గా కుంటుడు నడక బుచ్చిరాములుది,
గీ పగిలిన మడిమె మా చెల్లె ఇస్తారమ్మది.
మొకాలు మర్చిన. మొకాలు గూడ నన్ను మర్చినయ్.

మా మర్రిగూడ దిక్కు బాయిల నీళ్లు తియ్యగుండె.
తాగినం. మా అయ్య తాగిండు, ఎడ్లు తాగినయ్.
గా తీపి బొక్కలల్ల గడ్డకట్టి
మెడ, ఈపు ఒక్కటే కట్టె అయింది.
ఇప్పుడు నల్లాల కిష్ట నీళ్లొస్తున్నయ్.
ఆ సంగతి నా బొక్కలకు ఎవలు జెప్పలే.

ఎల్లెలకల పండరాదు.
ఒత్తిగిలి పండుకుంటె
తుమ్మచెట్టు ఎత్తు దాక ఆకాశం, అంతే నా వంతు.
వేగుచుక్క ఆ కొమ్మ దాటిందంటె
ఇగ అది వేరేటోళ్లది.
చంద్రుణ్ణి గోలెంల జూస్త,
బర్రె మూతి వెట్టేదాక.

పత్తి ఏరుడు నడుమల ఒక పొద్దుమీకి
రిజ్వానా టీచరమ్మ బడి ముంగట
దేవరకొండ కెళ్లి తెచ్చిన దుర్భిణి నిలవెట్టింది.
పోరగాండ్లు వరుస గట్టిండ్రు.
నేను గోడ పొంటి నిలవడ్డ,
మీదికి జూసే పని నాకెందుకని.

"ముత్తిలింగం మామా, నువ్వు రా.
మీదికి గాదు, దీంట్ల కిందికే జూడాలె."
గొట్టం ఆకాశానికి పోయింది గని
కన్ను వెట్టే కాడ దాని మెడ విరిచినట్టుంది,
అచ్చం నా తీర్గ.

ముందు చంద్రుడు.
ఆయన గూడ మా బాయి నీళ్లే తాగినట్టుండు,
ఒళ్లంత గార మచ్చలు.

తర్వాత గురుడు.
అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఒక్క గీత మీద
సాలు వట్టి పత్తి ఏరే కూలోళ్ల లెక్క నలుగురు చంద్రులు.
"నలుగురేనా?" అంటె
"ఇంక శానమందున్నరు మామా, ఈ అద్దానికి అందరు" అన్నది.
అందనోళ్ల సంగతి నాకెరుకే.

ఆఖరికి శని.
మెడ వంగిన నాటి సంది నన్ను శని వట్టిందన్నరు.
మా యమ్మ నల్ల నువ్వులు దానమిచ్చింది,
తొమ్మిది శనివారాలు నూనె వోసింది.
గా శనిని ఇయ్యాల నేను వట్టిన:
చిటికెన గోరంత, బాయి గిరక!
చాంతాడు లేదు, బొక్కెన లేదు,
చీకట్ల ఒక్క గిరక వేలాడుతున్నది.
ఏ బాయిదో. ఆ నీళ్లు ఎట్లుంటయో.

జరంత సేపటికి అది అద్దంల కెళ్లి జరగవట్టింది.
"పోతున్నడు టీచరమ్మా!" అని ఒర్లిన.
"శని గాదు మామా, భూమి తిరుగుతున్నది."
ముప్పై రెండేండ్లు దాన్నే జూసిన.
ఒక్కనాడు గూడ కదలంగ జూడలే.

నా ఎనక బుచ్చిరాములు వంగిండు.
సర్పంచి వంగిండు, మోకాళ్ల మీద చేతులు వెట్టుకొని.
కరెంటు లైన్‌మన్ వంగి "అబ్బ, నడుము" అన్నడు.
నేను పక్కకు జరిగి వాళ్ల కాళ్లు జూసుకుంట నిలవడ్డ.
శని ఎవలెవలికి దొరికిండో
లేచిన మడిమెలే జెప్పినయ్.