వెల

గ్రంథాలయం నేలమాళిగలో, పొడవాటి బల్ల మీద
తెల్ల దుప్పటి పరుచుకుని కూర్చుంటాను.
మార్చి నెల. నెబ్రాస్కా మంచు
ఇంకా బూట్లతో పాటే మెట్లు దిగి వస్తోంది.
బొంతలు తెచ్చేవాళ్ళు ముందుగా అనే మాట ఒక్కటే:
"అమ్మడానికి కాదండీ."
తెలుసు. అమ్మేవాళ్ళు నా దాకా రారు,
సంతకు పోతారు.

ఇవాళ ఎమిల్ వావ్రా వచ్చాడు.
మొక్కజొన్న రైతు, డెబ్భై దాటాయి.
దిండు గలీబులో బొంత,
పెంకి పిల్లిని తెచ్చినట్టు చంకలో పట్టుకుని.
టోపీ తీశాడు గానీ కూర్చోలేదు.

నూలు తొడుగులు వేసుకుని, భూతద్దం పెట్టి
అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టాను.
పదకొండు. పదకొండు. పదకొండు.
కింది మూలకొచ్చేసరికి ఏడు.
"ఇక్కడ చెయ్యి మారింది" అన్నాను.
"చెయ్యి అదే. కళ్ళు పోయాయి.
బ్లాజెనా, మా ఆవిడ."

ముక్కలన్నీ వంపు తిరిగి తూలుతూ నడుస్తాయి.
ఈ అల్లికను తాగుబోతు బాట అంటారని చెప్పాను.
"నన్ను చూసే కుట్టింది" అన్నాడు, నవ్వకుండా.

ఇలాంటివి ఇంకో నాలుగుండేవట.
నది పొంగిన ఏడు బురదలో పోయాయి.
బీమా కుర్రాడు మంచివాడే,
కాఫీ తాగాడు, వెలెంత అని అడిగాడు.
"వెల కట్టలేం" అన్నాడట ఎమిల్, గొప్పగా.
కుర్రాడు రాసుకున్నాడు:
పాత దుప్పట్లు, నాలుగు. ఒక్కోటి నలభై డాలర్లు.

నువ్వు వెల కట్టలేనిదానికి
ఎవడో ఒకడు కట్టేస్తాడు.

రాశాను. పొడవు, వెడల్పు.
లోపల దూది, వెలుతురుకి పట్టుకుంటే పత్తిగింజల నలుసులు.
వెనకవైపు కోళ్ళదాణా సంచి బట్ట,
ఎన్ని ఉతుకులకీ పోని సగం అక్షరం.
మరక: ఒకటి, గోధుమరంగు. దేనిదో తెలియదు.
"నాకు తెలుసు" అన్నాడు.
ఆగాను. చెప్పలేదు.
కొట్టేసి మళ్ళీ రాశాను: యజమానికి తెలుసు.

అడుగున అంకె వేసి, సంతకం చేసి, కాగితం తిప్పాను.
చాలాసేపు చూశాడు.
"ఈ మాట తెలిస్తే
కుక్కని దీనిమీద పడుకోనిచ్చేది కాదు."

నా రుసుము చెల్లించాడు, చిల్లరతో సహా.
కాగితం బ్యాంకు లాకరులో పెడతాడట.
"మరి బొంత?"
పిచ్చిప్రశ్న విన్నట్టు చూశాడు.
"మంచం మీదే.
రాత్రికి మళ్ళీ మంచంటున్నారు కదా."