చివరి అక్షరం

పలకడానికి ఇద్దరిదీ ఒకటే పేరు:
లవాన్ మే డాకిన్స్.
రాస్తేనే తేడా. ఆమె మే చివర 'వై', నా మే చివర 'ఇ'.
ఆ 'ఇ' కోసం మా అమ్మ పురిటి మంచం మీంచే
ఆస్పత్రి గుమాస్తాతో పోట్లాడిందట.

తొంభై ఒకటి సెప్టెంబరు, ఉత్తర ఫిలడెల్ఫియా.
బడి ఆఫీసులోకి కొత్తగా కంప్యూటరొచ్చింది.
అంచుల్లో చిల్లులున్న కాగితం మీద
కీచుకీచుమంటూ మా జాతకాలు అచ్చేసింది.
చివరి అక్షరం దాని కంటికి ఆనలేదు.

నేను పోవాల్సింది నేలమాళిగకి,
బాయిలర్ పక్క గదికి, కుర్చీలు విసిరే బాపతు దగ్గరికి.
(పాత బడిలో భోజనం పళ్ళెంతో ఒకడి ముక్కు చదును చేశాను.
ముందు వాడు మా అమ్మనన్నాడు. అది ఫైల్లో లేదు.)
నా చేతికొచ్చిన చీటీలో మూడో అంతస్తు,
కెమిస్ట్రీ, లాటిన్.
పొరపాటని చెబుదామనే మెట్లెక్కాను.
పైన కిటికీలున్నాయి. రైలు కనిపిస్తోంది.
కూర్చున్నాను.

మూడో రోజు ఆడపిల్లల బాత్‌రూమ్‌లో ఎదురైంది అసలు మనిషి.
సోడాబుడ్డి కళ్ళద్దాలు, ఇస్త్రీ మడత చెదరని గౌను,
చర్చి డీకన్‌గారి రెండో కూతురు.
కొట్లాటకొచ్చిందేమో అనుకున్నా.
"ఇంకో వారం ఉంచుకోనా నీ పేరు?" అనడిగింది.
"కింద నన్నెవరూ ప్రశ్నలడగట్లేదు.
దారిస్తున్నారు. ఒకడైతే నా బల్ల తుడిచాడు."

ఆ వారం నవంబరు దాకా సాగింది.

అమో, అమాస్, అమాత్.
నాకది బుర్రకెక్కలేదు, కాళ్ళకెక్కింది.
మా వీధిలో రెండు తాళ్ళాట ఆడే పిల్లలతో
తాళ్ళు తిప్పించి ఆ క్రియల మీద గెంతాను.
అమామూస్ అన్నప్పుడు ఒంటికాలు,
అమాతిస్‌కి వెనక్కి తిరగడం,
అమాంత్ అంటూ తాళ్ళలోంచి బయటికి.
పరీక్షరోజు బల్ల కింద నా పాదాలు టకటకమంటుంటే
లాటిన్ మేష్టారు వీన్‌స్టాక్
ఎలకనుకుని వంగి చూశారు.

కింద ఆమె పేకాట నేర్చింది.
నెల తిరక్కుండా బ్యాంకు పెట్టింది.
పావు డాలరు అప్పుకి శుక్రవారానికి మూడు సెంట్లు,
ఎగ్గొడితే చక్రవడ్డీ, నల్లబల్ల మీద లెక్కగట్టి మరీ చూపించేదట.
లెక్కలంటే పారిపోయే టెరెల్, కార్నీలియస్
దశాంశాల మీద కొట్టుకునే స్థాయికొచ్చారు.

అప్పుడొచ్చింది తల్లిదండ్రుల్ని పిలిచే రాత్రి.
అమ్మ లాండ్రీ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది,
తిట్లు తినడానికి నడుం బిగించుకుని.
"మీ అమ్మాయి నా ఉచ్చారణ దిద్దుతుంది, అదృష్టవంతులు" అన్నారు వీన్‌స్టాక్.
అమ్మ చీటీ చూసింది. ఆయన్ని చూసింది. మళ్ళీ చీటీ.
ఇంటికొచ్చి నా నుదురు తాకింది, జ్వరమేమోనని.
నేలమాళిగలో, ఈకల టోపీ పెట్టుకున్న డీకన్‌గారి భార్యతో
"మీ పిల్ల వడ్డీ న్యాయంగా ఉంటుందండీ" అన్నాడు టెరెల్.
ఆవిడ అక్కడికక్కడే ప్రార్థన మొదలెట్టింది.

అయినా మమ్మల్ని పట్టించింది అమ్మలు కాదు, నర్సు.
ధనుర్వాతం టీకా. పేరు పిలిచింది, వెళ్ళాను.
గంట తర్వాత మళ్ళీ అదే పేరు.
వడ్డీ వ్యాపారికి సూదంటే ప్రాణభయం.
కళ్ళద్దాల వెనకనుంచి బతిమాలింది.
మళ్ళీ వెళ్ళి ఎడమ చెయ్యి చాపాను,
కుడిచేతి మీద పట్టీ అలాగే ఉండగా.

ప్రిన్సిపాల్ ఇద్దర్నీ నిలబెట్టి
"మీలో లవాన్ మే డాకిన్స్ ఎవరు?" అనడిగాడు.
ఇద్దరం చెయ్యెత్తాం.
తప్పు మాదా?

తర్వాత అన్నీ సరిచేశారు,
అక్టోబరులో తీసిన ఫోటోలు తప్ప.
వార్షిక సంచికలో నా పేరు మీద ఆమె కళ్ళద్దాలు,
ఆమె పేరు మీద నేను, పళ్ళన్నీ బయటపెట్టి.
"ఇందులో నువ్వెవరు?" అంటుంది మా అమ్మాయి.
అలవాటుకొద్దీ తప్పు బొమ్మ చూపిస్తాను.

వాన పట్టినప్పుడు ఎడమ చెయ్యి లాగుతుంది.
ఆ సూది ఆమెది. ముప్పై ఏళ్ళ బాకీ.
వడ్డీ ఎంతయిందో లెక్కగట్టడం నాకు రాదు.
నేను లాటిన్ చదివినదాన్ని.