సొల్యూషన్ ట్యూబు

మొగల్తూరు రోడ్డు మీద నా పంచర్ల కొట్టు.
టబ్బు నీళ్లలో ట్యూబు ముంచితే
గాలి ఎక్కడ పోతోందో బుడగలే చెప్పేస్తాయి.
ముప్పై ఏళ్లు. ఒక్కసారీ గురి తప్పలేదు.

సువర్ణరాజుది తొమ్మిదో తరగతి.
"సొల్యూషనొకటి మావయ్యా" అనేవాడు,
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టేవాడు.
సోమవారం ఒకటి. బుధవారం రెండు.
ఇచ్చాను. బేరం కదా.

మొన్న రొయ్యల షెడ్డు నుంచి నేరుగా
వాళ్లమ్మ వచ్చింది,
ఐసుకి పాలిపోయిన వేళ్లతో కొంగుముడి విప్పి
ఖాళీ ట్యూబులు కుమ్మరించింది.
పదకొండు.
"పుస్తకాల సంచిలో దొరికాయన్నయ్యా, ఇవేంటి?"
ఆవిడకేసి చూడలేక
ఒక ట్యూబు మూత తిప్పుతూ కూచున్నాను.

సైకిలుకి అతుకులేసుకుంటున్నాడేమో
అనబోయి ఆగాను.
వాడికి సైకిలు లేదు.
తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమ్మేశారు.
కొన్నది నేనే.

ఇప్పుడు సాయంత్రం కొట్టు కట్టేసి
కాలవ తూము దాకా నడుస్తాను.
గుర్రపుడెక్క కేసి చూస్తూ వాడుంటాడక్కడ.
ఏరా అంటే
చాలాసేపటికి నవ్వుతాడు,
ఎవరికో నవ్వినట్టు.
పక్కన కూచుంటాను.
గాలి ఎక్కడ పోతోందో
నాకు తెలీదు.

ఆ సైకిలు ఇంకా కొట్టు వెనకే ఉంది.
ముందు చక్రం విప్పి ఎవరికో వేసేశాను.