కిటికీ మందం

మూడు దారులు గీయమన్నారు.
ఒకటి జడ్జిగారిది, కారు దిగిన చోటునుంచి
చాంబరు దాకా ఎవరి కళ్ళూ తగలనిది.
ఒకటి ఖైదీది, వ్యాను వెనక తలుపునుంచి
బోను దాకా ఎవరి చేతులూ అందనిది.
మూడోది జనానిది.
"అది ఎలాగోలా వస్తుందిలే" అన్నారు ఇంజనీరుగారు,
టీ గ్లాసు నా ట్రేసింగు కాగితం మీదే పెట్టి.

అందరూ కంప్యూటరు ముందుకి జరిగినా
నేనింకా పెన్సిలు చెక్కుకునే డ్రాఫ్ట్స్‌మన్ని.
ఎరుపు, నీలం, ఆకుపచ్చ.
ఎరుపు నీలాన్ని ఎక్కడా దాటలేదు.
మూడూ ఒక్క హాల్లో కలిశాయి, మళ్ళీ విడిపోయాయి.
ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో
అంత శుభ్రమైన ప్లాను గీయలేదని
నాలో నేనే మురిసిపోయాను.

కొలతలు సరిచూద్దామని పాత కోర్టుకెళ్ళాను.
జూన్ నెల. సముద్రం గాలి పంపలేదు, ఉక్క పంపింది.
గ్రిల్లు ముట్టుకుంటే ఉప్పు తుప్పు
అప్పడంలా పొరలుగా రాలింది.
టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలి.
మెట్ల మీద కూర్చున్న ఒకావిడ లేచి పట్టుకుంది.
పేరు ఎర్నమ్మ. పద్మనాభం దగ్గర ఊరు.
కొడుకు కేసు. పదకొండో వాయిదా.

"ఏటి కొలుస్తన్నావు బావూ?"
"కొత్త కోర్టమ్మా. ఎండాడ దాటాక, కొండవార."
"మరి నానెక్కడ కూకోవాల?"

టేపు నా చేతిలోకి జర్రున చుట్టుకుపోయింది.
ఎరుపులో వెతికాను. నీలంలో వెతికాను.
ఆకుపచ్చ గీత నడుస్తూనే ఉంది,
ఎక్కడా కూర్చోలేదు.

అడక్కుండానే చెప్పింది ఆవిడ.
మొదటి బస్సుకి బయల్దేరుతుందట.
పేరు ఎప్పుడు పిలుస్తారో తెలీదు గనక
గుక్కెడు నీళ్ళు కూడా తాగదట, మళ్ళీ పక్కకెళ్ళాల్సొస్తుందని.
నీడ ఎటు జరిగితే అటు జరుగుతుందట,
నీడకన్నా ముందే జవాను జరుపుతాడట.

ఆ రాత్రి వరండా పొడుగునా బల్లలు గీశాను.
పైనుంచి అడ్డగీత వచ్చింది:
ఎస్టిమేటులో లేదు. పైగా మనుషులు పోగవుతారు.
కోర్టంటేనే పోగవడం కదా అని అనలేదు.
అనే జీతం కాదు నాది.

కిటికీల కింద గోడ మందం పెంచాను.
తొమ్మిది అంగుళాలు పద్దెనిమిదయింది.
ఎత్తు మోకాటి దాకా దించాను.
పక్కన చిన్నక్షరాలతో రాశాను:
"తుఫాను గాలి తట్టుకొనుటకు."
హుద్‌హుద్ చూసిన ఊరు.
తుఫానంటే ఇక్కడ సంతకం దానంతటదే పడుతుంది.

జడ్జిగారి వేదిక ఎత్తు మాత్రం తగ్గించలేదు.
బోనుకి కుర్చీ వేయలేదు.
అవీ నా చేతి గీతలే, ఒప్పుకోవాలి.

రిటైరయ్యాక వెళ్ళాను,
ఆరిలోవలో మా రెండు సెంట్ల తగాదాకి, వాదిగా.
కిటికీల కింద నల్ల గ్రానైటు పరిచారు.
అంచు కరుకుగానే ఉంది,
మనుషులు కూర్చున్న మేర నున్నగా మెరుగెక్కింది.
ఒకమ్మాయి కొంగు కప్పి బిడ్డకి పాలిస్తోంది.
ప్లీడరు గుమస్తా ఒకడు
ఫైళ్ళు పెట్టి ఎవరికో చోటు ఆపాడు.
ఒక ముసలాయన చెప్పులు తలకింద పెట్టుకుని
నిండు నిద్రలో ఉన్నాడు.
అతని పేరు పిలిస్తే లేపడానికి
పక్కన ముగ్గురు వింటున్నారు.

ఎర్నమ్మ కోసం చూశాను. లేదు.
కొడుకు బయటికొచ్చాడో లేదో
పదకొండు తర్వాత లెక్క నా దగ్గర లేదు.

మూడు గంటలు నిలబడ్డాను.
నేనెవరో చెబితే లేచేవారేమో, చెప్పలేదు.
ఆఖరికి ఒక కుర్రాడు ఇటు తిరిగి
బెత్తెడు చోటు చేసి "కూకో తాతా" అన్నాడు.
నా స్కేలు మీద లేని కొలత అది.
కూర్చున్నాను.
వీపుకి గ్రిల్లు తగిలింది.
ఇంటికెళ్ళి చొక్కా విప్పితే
అడ్డంగా మూడు తుప్పు గీతలు.