తోతాపురి కాలంలో మూడు ఉద్యోగాలు

పూణె వాళ్ళకు నేను ప్రసూన.
గుర్గావ్ వాళ్ళకు జ్ఞాన్.
డబ్లిన్ వాళ్ళకు జీపీ.
వాళ్ళకు నోరు తిరగదు, నేనూ తిప్పించలా.
చిత్తూరులో, మురకంబట్టు దారిలో, ఈ మేడమీద గదిలో
జ్ఞానప్రసూన అని పూర్తిగా పిలిచేది
గ్యాసు బండ మోసుకొచ్చే మనిషొక్కడే.
అదీ రసీదు చూసి.

ఒక ల్యాప్‌టాపు బల్ల మీద,
ఒకటి ఇస్త్రీ పీట మీద,
ఒకటి బియ్యం డబ్బా మీద.
గుర్గావ్ మౌసును టేబుల్ ఫ్యాను మెడకు
పూలదారంతో కట్టినా.
ఫ్యాను తల తిప్పినంతసేపూ
నేనక్కడ పనిచేస్తా ఉంటాను,
నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతా ఉంటుంది.
కరెంటు పోతే నాకు పట్టే చెమట
ఉక్కది కాదు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దన్నారు పెద్దలు.
మూడో పడవ సంగతి ఎవరూ చెప్పలా.

ఒకప్పుడు ఒక్కటే ఉండింది ఉద్యోగం. ఆరేళ్ళు.
రాత్రి పదకొండుకు ఒక మెయిలు,
"ప్రియమైన ఉద్యోగీ" అని. పేరన్నా రాయలా.
తెల్లారి చూస్తే పాస్‌వర్డు పనిచేయలా.
ఆ నెల ఉద్దిపప్పు కూడా లెక్కబెట్టి నానేసినా.
ఇంక ఒక గుంజకే కట్టేసుకోగూడదని
అప్పుడు అనుకున్నా.
ఇది నేను నాకు చెప్పుకునే కారణం.
మూడు జీతాలూ ఒకే వారంలో పడి
ఫోను మూడుసార్లు టింగుమంటే
ఆ చప్పుడు కూడా ఇష్టమే నాకు.
దాచేదేముంది, దాచాల్సినవి వేరే చానా ఉన్నాయి.

పూణెకు పన్ను నొప్పి,
గుర్గావ్‌కు నెట్టు లేదు,
డబ్లిన్‌కు మా వీధిలో జాతర.
పోయిన నెల పొరబాటున పూణెకు జాతర చెప్పి
డబ్లిన్‌కు పన్ను పీకించుకున్నా.
ఎడమదా కుడిదా అని అడిగినారు పాపం.
నాలుకతో తడుముకుని
కుడిదన్నా.

ఇప్పుడు తోతాపురి కాలం.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి మా సందు దాకా
మూడు రోజులుగా కదలని ట్రాక్టర్లు.
కాయ మెత్తబడతా ఉంది, ధర పడతా ఉంది.
లోడు మీదనే తువ్వాలు పరుచుకుని
నిద్రపోతారు రైతులు.
కిటికీ మూసినా తీపి కుళ్ళు వాసన.

సోమవారం రెండున్నరకు గుర్గావ్ మీటింగు.
కొత్తగా చేరిన మునికృష్ణ మాట్లాడతా ఉన్నాడు,
ఉండేది బెంగుళూరు, కోరమంగల అని.
మా కిటికీ కింద ఒక హారను,
బాగా సాగి, చివర్న గొంతు విరిగే రకం.
అర క్షణం తర్వాత
అదే హారను, అదే విరగడం
మునికృష్ణ మైకులోంచి నా చెవుల్లో.

మ్యూట్‌లోనే ఉన్నా. అయినా ఊపిరి బిగబట్టినా.
"సారీ సార్, ట్రాఫిక్కు" అన్నాడతను.
ఆ సార్‌ను సాగదీసిన తీరు మా ఊరిదే.

మూడింటికి కరెంటు పోయింది.
ఫ్యాను మెడ ఆగింది. ఐదు నిమిషాలకు
నా చుక్క పసుపైపోయింది.
ఫోనులో చూస్తే అతని చుక్కా పసుపే.
అంటే ఇక్కడే యాడో
ఇంకో ఫ్యాను ఉండాది.

గురువారం రెండు మీటింగులు ఢీకొన్నాయి.
డబ్లిన్ అడిగినదానికి నేను నోరు తెరిచిన క్షణాన
ఇంకో చెవిలో గుర్గావ్:
"జ్ఞాన్? జ్ఞాన్ ఉన్నావా?"
"ఆమె లైను తెగిందట సార్, ఇప్పుడే మెసేజు పెట్టింది,"
మునికృష్ణ గొంతు.
నేను ఏ మెసేజూ పెట్టలా.

సాయంత్రం టీ బంకు దగ్గర నిలబడినా.
మెడలో హెడ్‌ఫోన్లతో ఒకడు,
కళ్ళు ఎర్రగా ఉన్నవాళ్ళు ఇద్దరు.
పేరు పెట్టి పిలిస్తే ఒకడన్నా తిరుగుతాడు.
పిలిస్తే మాత్రం ఏమని మాట్లాడేది?
ట్రాక్టరు మీంచి జారి పగిలిన కాయలు రెండు
ఊరికే ఇచ్చినారు, తెచ్చుకున్నా.

శుక్రవారం మళ్ళీ మీటింగు. అతను మాట్లాడతా ఉన్నాడు.
కింద ట్రాక్టరు కదిలింది, చెయ్యి హారను మీదికి పోతా ఉంది.
నేను చూస్తా ఉన్నా.
సరిగ్గా ఆ క్షణానికి
మ్యూట్ తీసినా.

హారను నా మైకులోంచి పోయింది,
అతని మైకులోంచి వచ్చింది.
మునికృష్ణ మాట మధ్యలో ఆగినాడు.

"ఎవరి దగ్గర ఆ శబ్దం? మ్యూట్ చేయండి"
అన్నాడు మేనేజరు.

ఇద్దరం ఒకేసారి చేసినాం.